తప్పు ఆలోచనదా, వాననీటిదా?

మనిషిని కుంగదీసేది జరిగిన సంఘటన ఒక్కటే కాదు. దానికి అతను చెప్పుకునే అర్థం కూడా. ఆ అర్థం మారితే బాధ తగ్గుతుంది. ప్రవర్తన మారితే అర్థమూ మారుతుంది. సంజ్ఞానాత్మక-ప్రవర్తనా చికిత్సకు మూలసూత్రం ఇదే. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో దీన్ని సి.బి.టి. అంటారు. మాటలతో చేసే చికిత్సల్లో ఇంత విస్తృతంగా పరిశోధన జరిగినది మరొకటి లేదు.

ఏ సిద్ధాంతాన్నయినా అది పుట్టిన చోట కాక, దానికి కష్టమైన చోట పెట్టి చూస్తేనే బలమెంతో తేలుతుంది. అందుకు టికియాపారాను తీసుకుందాం. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ నుంచి హౌరా వెళ్ళే తెలుగువారు ప్రయాణం చివర దాటే స్టేషన్ అది. కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ నది ఆవలి ఒడ్డున ఉంది. లోకల్ రైళ్ళ కార్ షెడ్డు, బెలీలియస్ రోడ్డు, లేత్ మిషన్ల చిన్న చిన్న వర్క్‌షాపులు, ఇరుకు గదుల బస్తీలు – ఇదీ ఆ ప్రాంతం. గట్టి వాన పడితే కార్ షెడ్డు పట్టాల మీద నీళ్ళు నిలిచి రైళ్ళు ఆగిపోవడం అక్కడ తరచు వినే వార్త. ఇలాంటి చోట ‘నీ ఆలోచన మార్చుకో’ అనే శాస్త్రం ఏం చేయగలదు? ఏం చేయలేదు?

రెండు పాయలు

కలకత్తాకు మానసిక చికిత్స కొత్త కాదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే అక్కడ భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. అయితే మనోవిశ్లేషణకు నెలలు, సంవత్సరాలు పడుతుంది. రోజుకూలి మానుకొని అంతకాలం తిరగగలిగేవారు తక్కువ. కొద్ది వారాల్లో ముగిసే చికిత్స కావాలన్న అవసరం నుంచే తరవాతి పద్ధతులకు ఆదరణ పెరిగింది.

సి.బి.టి.లో రెండు పాయలు కలిశాయి. మొదటిది ప్రవర్తనా చికిత్స. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లవాడికి, అతను తిండి తింటున్నప్పుడు కుందేలును మెల్లమెల్లగా దగ్గరికి తెస్తూ భయం పోగొట్టింది. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో వెలువరించిన గ్రంథంతో ఈ పద్ధతి పెద్దల భయాలకూ స్థిరపడింది. రెండవ పాయ ఆలోచనలకు సంబంధించినది. 1950ల మధ్యలో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960లలో ఆరన్ బెక్ దీనికి రూపమిచ్చారు. కుంగుబాటులో ఉన్నవారు తమను గురించీ, లోకాన్ని గురించీ, భవిష్యత్తును గురించీ ఒకే నల్లరంగు అద్దంలోంచి చూస్తారని బెక్ గమనించాడు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. మన పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం పేరుతో దొరికే ‘అంతా మంచే జరుగుతుందనుకో’ అన్న బోధ సి.బి.టి. కాదు. బెక్ చెప్పింది మంచిగా ఆలోచించమని కాదు, సరిచూసుకొని ఆలోచించమని. మనసులో చటుక్కున మెదిలే భావాన్ని ప్రయోగశాలలో ఒక ఊహను పరీక్షించినట్టు పరీక్షించాలి. దానికి అనుకూలమైన ఆధారాలేమిటి, వ్యతిరేకమైనవేమిటి అని రాసుకోవాలి. ఈ పద్ధతిలోని గొప్పతనం అదే. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

నాలుగు వాక్యాలు

టికియాపారాలో లేత్ పని చేసే ఒక మనిషిని ఊహించుకుందాం. నిద్ర పట్టడం లేదు. ఆకలి లేదు. అతని మనసులో నాలుగు వాక్యాలు తిరుగుతున్నాయి: ‘వాన పడితే ఇంట్లోకి నీళ్ళొస్తాయి. ఆర్డర్లు తగ్గాయి, పని పోవచ్చు. నేను దేనికీ పనికిరాను. నాతో ఎవరికీ అవసరం లేదు.’

మొదటి రెండింటికీ ఆధారాలు వెదికితే అవి నిజమని తేలవచ్చు. చివరి రెండూ జబ్బు పలికించే మాటలు. కానీ అతని నోట నాలుగూ ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో వస్తాయి. అనుభవం లేని కౌన్సెలర్ నాలుగింటినీ ‘వక్రించిన ఆలోచనలు’ అనే ఒకే గడిలో వేస్తే, నీళ్ళొస్తాయని భయపడటం కూడా అతని లోపమే అవుతుంది. అప్పుడు చికిత్స ఓదార్పు కాదు, నింద అవుతుంది. రెండోసారి అతను రాడు.

ఈ చిక్కుకు మందు ఆ శాస్త్రంలోనే ఉంది. ఆలోచన నిజమని తేలినప్పుడు దానితో వాదించకూడదు, సమస్యను పట్టుకోవాలి. సమస్యా పరిష్కార చికిత్సను 1971లో డిజురిల్లా, గోల్డ్‌ఫ్రీడ్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. సమస్యను ముక్కలుగా విడదీయడం, చేయగల పనులన్నీ రాసుకోవడం, ఒకటి ఎంచుకొని చేసి చూడటం అందులోని మెట్లు. సామాన్లు ఎత్తులో పెట్టడానికి అటక, రేషన్ కార్డుకు నీళ్ళు దూరని సంచి, వాన రాత్రి పిల్లలను ఎవరింటికి పంపాలన్న నిర్ణయం – ఇవి కూడా చికిత్సలో భాగమే. హడావుడి శిక్షణల్లో ముందుగా తప్పిపోయే ప్రమాదం ఉన్న భాగమూ ఇదే.

పరీక్షకు నిలిచినదేమిటి?

పేదల మధ్య ఈ చికిత్స పనిచేయదని అనుకుంటే పొరపాటు. పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో కుంగుబాటుతో బాధపడే 903 మంది గర్భిణులపై ఆతిఫ్ రెహమాన్ బృందం చేసిన అధ్యయనం 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చికిత్స చేసింది డాక్టర్లు కాదు, ఇంటింటికీ తిరిగే మహిళా ఆరోగ్య కార్యకర్తలు. తల్లి జబ్బు గురించి కాక బిడ్డ ఆరోగ్యం గురించి మాటలు మొదలుపెట్టేవారు. కాన్పయిన ఆరు నెలలకు చికిత్స పొందినవారిలో 23 శాతం మందిలో, మిగిలినవారిలో 53 శాతం మందిలో కుంగుబాటు కనిపించింది.

గోవాలో విక్రమ్ పటేల్ బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందిపై జరిపిన అధ్యయనం 2016 చివర వెలువడింది. మానసిక వైద్యంలో ముందు చదువేదీ లేని సామాన్యులకు శిక్షణనిచ్చి కౌన్సెలర్లుగా నియమించారు. ఆరు నుంచి ఎనిమిదిసార్లు కలిసేవారు. మూడు నెలలకు చికిత్స పొందినవారిలో 64 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 39 శాతం తేరుకున్నారు. గమనించవలసిందేమంటే, అక్కడ వాడింది ప్రధానంగా ప్రవర్తన పాయనే. మానేసిన పనులను కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టించడం, పలకరింపులు పెంచడం, ఎదుటనున్న సమస్యను విడదీయడం. 1996లో అమెరికాలో నీల్ జేకబ్‌సన్ బృందం సి.బి.టి.ని భాగాలుగా విడగొట్టి చూసినప్పుడు, ప్రవర్తన భాగం ఒక్కటీ మొత్తం చికిత్సకు తీసిపోలేదు.

దీన్నిబట్టి నాకు తోచేది ఇది: మన బస్తీలకు మొదట రావలసింది వాదన కాదు, పని. మనిషి ఆలోచనను ఖండించడానికి భాష మీద పట్టు, చాలా తీరిక, నేర్పు కావాలి. టికియాపారా వంటి చోట ఉర్దూ, హిందీ, బెంగాలీ కలగలిసిన మాటల్లో ఆ ఖండన తేలిగ్గా దారి తప్పుతుంది. పని చేయించడం అంత తేలిగ్గా దారి తప్పదు. అయితే ఆ పనుల జాబితా కూడా అక్కడివాళ్ళదే కావాలి. ఒకే గదిలో ఏడుగురున్న ఇంటికి ‘ఏకాంతంగా సంగీతం వినండి’ అన్న సలహా ఎందుకు?

చికిత్సకు హద్దు

కెన్యా గ్రామాల్లో హౌషోఫర్ తదితరులు 5,756 మందిపై చేసి 2020లో ప్రకటించిన అధ్యయనం మరో పాఠం చెప్పింది. కొందరికి నగదు, కొందరికి ఐదు విడతల కౌన్సెలింగ్, కొందరికి రెండూ ఇచ్చారు. ఏడాది తరవాత నగదు అందినవారి బతుకూ మనసూ రెండూ మెరుగయ్యాయి. కౌన్సెలింగ్ ఒక్కటే పొందినవారిలో మార్పు కనిపించలేదు. అక్కడ ఎంపిక చేసినవారు జబ్బుపడినవారే కానవసరం లేదన్నది మరవకూడదు. అంటే కౌన్సెలింగ్ జబ్బుకు మందు కావచ్చు గాని, పేదరికానికి మందు కాదు. లైబీరియా రాజధాని మన్రోవియాలో నేరాల బాట పట్టిన 999 మంది యువకులపై జరిగిన ప్రయోగం 2017లో వెలువడింది. అందులో చికిత్స ఒక్కటే ఇచ్చినప్పుడు ఫలితం క్రమంగా పలచబడింది. దానితోపాటు 200 డాలర్లు ఇచ్చినప్పుడు ఏడాది తరవాతా నిలిచింది.

మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలున్నవారిలో సుమారు 85 శాతానికి ఏ వైద్యమూ అందడం లేదు. పశ్చిమ బెంగాల్ కూడా ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఒకటి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 14416 నంబరుతో టెలీ మానస్ సేవ ప్రారంభించింది. తక్కువ శిక్షణతో ఎక్కువమందికి చేరగల చికిత్సగా సి.బి.టి. పేరు ఇక ముందు మరింత వినిపిస్తుంది. అది మంచిదే. అయితే కౌన్సెలర్ల శిక్షణలో ఒక షరతు ఉండాలి. ఆలోచనల పట్టికలో ‘ఇది నిజమే’ అనే గడి ఒకటి తప్పనిసరిగా పెట్టాలి. ఆ గడిలో పడిన మాటలు రోగి ఫైలుతోనే ఆగిపోకూడదు. పేరు తీసేసి మునిసిపాలిటీకీ, ఆసుపత్రికీ, రేషన్ ఆఫీసుకూ చేరే దారి ఉండాలి. మురుగుకాలువ పూడిక తీయవలసిన చోట మనిషి మనసును మాత్రమే బాగుచేయబోతే, ఆ శాస్త్రం తన మూలసూత్రానికే ద్రోహం చేసినట్టు. ఆధారాలు చూసి మాట్లాడమన్నది రోగికి ఎంత వర్తిస్తుందో వైద్యుడికీ అంతే వర్తిస్తుంది.