లైబ్రరీకి తావు చూపి, జాడ చెప్పని ప్రమాణం

లినక్స్ వ్యవస్థలో ఏ ఫైలు ఎక్కడ ఉండవలెనో నిర్ణయించే పత్రం ‘ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్’. దీని తొలి రూపం 1994లో వెలువడినది. లినక్స్ ఫౌండేషన్ 2015లో ప్రకటించిన 3.0 ప్రతి ఈ సమీక్షకు విషయం.

అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొనే ఆజ్ఞల సముదాయాన్ని లైబ్రరీ అంటారు. ప్రోగ్రాము నడవనారంభించగానే ‘లోడర్’ అనే మరొక ప్రోగ్రాము ఈ లైబ్రరీలను వెదకి దానికి జతచేస్తుంది.

ఈ ప్రమాణంలో మెచ్చదగినది సొంతదారుల విభజన. పంపిణీదారులు ఇచ్చే లైబ్రరీలు ‘యూఎస్ఆర్/లిబ్’ డైరెక్టరీలో ఉంటాయి. మూలరూపం నుండి స్వయంగా నిర్మించుకొన్నవి ‘యూఎస్ఆర్/లోకల్/లిబ్’లో చేరవలెను. వ్యవస్థను నవీకరించినప్పుడు లోకల్‌లోనివి చెరిగిపోరాదని ప్రమాణం స్పష్టంగా చెప్పినది. గ్నూ వారి ‘కాన్ఫిగర్’ పద్ధతి కూడా, వేరే తావు చెప్పనప్పుడు, లోకల్‌నే ఎన్నుకొంటుంది. అద్దె ఇంటిలో యజమాని సామాను, అద్దెకున్నవారి సామాను వేరువేరు గదులలో ఉంచడం వంటి ఏర్పాటు ఇది.

అయితే తావు చూపినంతమాత్రాన పని తీరదు. లోడర్ ఇంకా ఏయే డైరెక్టరీలు వెదకవలెనో ‘ఎల్‌డి.ఎస్ఓ.కాన్ఫ్’ అనే ఫైలు చెబుతుంది. ప్రమాణం ఆ ఫైలును ‘ఈటీసీ’ జాబితాలో ఐచ్ఛికమని పేర్కొని ఊరుకొన్నది. లోకల్/లిబ్‌ను అందులో చేర్చి తీరవలెనని విధించలేదు. కనుక డెబియన్‌లో అది ముందే చేరి ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఉండదు. ఒకే ప్యాకేజీని ఒకే విధంగా నిర్మించినా, ఒకచోట నడుస్తుంది, మరొకచోట లైబ్రరీ దొరకలేదని ఆగిపోతుంది.

అప్పుడు విద్యార్థి నిర్మాణమే చెడినదని భ్రమపడతాడు. విసిగి లైబ్రరీని యూఎస్ఆర్/లిబ్‌లో పెడితే, తరువాతి నవీకరణలో అది చెరిగిపోవచ్చు. దొరికిన చోట కూడా ప్రమాదం లేకపోలేదు. డెబియన్‌లో లోకల్‌ను ముందుగా వెదకుతారు. ఏనాడో నిర్మించి మరచిన పాత లైబ్రరీ, అదే పేరుగల కొత్తదానిని మరుగుపరుస్తుంది. పంపిణీదారులు భద్రతాలోపాన్ని సరిదిద్దినా, ప్రోగ్రాము పాతదానితోనే నడుస్తుంది. నవీకరణ లోకల్‌ను ముట్టదు గదా! ప్రమాణంలోని సుగుణమే ఇక్కడ దోషానికి ఆశ్రయమిస్తున్నది.

వెదకే క్రమం లోడర్ విషయమే గాని స్థాననిర్ణయానికి చెందదని సమాధానం చెప్పవచ్చు. కాని లోడర్ చూడని తావు, ఉత్తరాలబంట్రోతుకు తెలియని చిరునామా వంటిది. తరువాతి ప్రతిలో, లోకల్/లిబ్‌ను లోడర్‌కు తెలుపవలెనా, తెలిపితే ఏ వరుసలో అన్న రెండు వాక్యాలు చేరితే ఈ కొరత తీరుతుంది.

అంతవరకు మూలరూపం నుండి నిర్మించేవారు మూడు జాగ్రత్తలు పాటించవలెను: స్థాపించిన తావును ఎల్‌డి.ఎస్ఓ.కాన్ఫ్‌లో చేర్చుట, వెంటనే ‘ఎల్‌డికాన్ఫిగ్’ ఆజ్ఞతో లోడర్ పట్టికను తిరిగి వ్రాయించుట, స్వయంగా నిర్మించిన ప్రతిదానినీ ఒక పుస్తకంలో నమోదు చేసి, పాతబడినవాటిని తొలగించుట.