ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు: గుణదోష విచారణ

పెద్దదోర్నాల దాటిన తరువాత శ్రీశైలం రోడ్డు నల్లమల కొండలలోకి ఎక్కుతుంది. కొత్తరకం కారు గుణదోషాలను పరీక్షించడానికి ఇట్టి ఘాటురోడ్డు తగినది. పెట్రోలు ఇంజనును, ఇంటి ప్లగ్గునుంచి ఛార్జి చేయదగిన బ్యాటరీని, విద్యుత్ మోటారును ఒకే కారులో అమర్చినదే ప్లగ్-ఇన్ హైబ్రిడ్. చైనాలోని బి.వై.డి. సంస్థ 2008లోనే ఈ రకం కారును అమ్మకానికి తెచ్చింది.

దీని గుణం కొండ దిగేటప్పుడు తెలుస్తుంది. 1,800 కిలోగ్రాముల కారు 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి, రాపిడి నష్టాలను విడిచిపెడితే, 1800 × 9.8 × 300, అనగా సుమారు 53 లక్షల జౌలుల శక్తి కావాలి. ఒక యూనిట్ విద్యుత్తు 36 లక్షల జౌలులు కాబట్టి ఇది దాదాపు ఒకటిన్నర యూనిట్లు. మామూలు కారు దిగేటప్పుడు ఈ శక్తి వేడిగా వృథా అవుతుంది. హైబ్రిడ్‌లో మోటారే జనరేటరుగా మారి కొంత శక్తిని బ్యాటరీకి చేరుస్తుంది. కాని బ్యాటరీ కొండపైనే నిండి ఉంటే ఆ శక్తికి చోటుండదు.

దోషం యంత్రంలో కన్న వాడుకలో ఎక్కువ. ఛార్జి చేయనినాడు ఇది పెద్ద బ్యాటరీ బరువును మోసే మామూలు హైబ్రిడ్ మాత్రమే. ఐరోపా కమిషన్ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం, ఇట్టి కార్లు రోడ్డుపై వెలువరించిన కార్బన్ డయాక్సైడు పరీక్షశాల అంకెకు సగటున మూడున్నర రెట్లు. యజమానులు అనుకున్నంత తరచుగా ఛార్జి చేయకపోవడమే ఇందుకు ముఖ్యకారణం.

కాబట్టి ప్రకటనలోని మైలేజీ అంకె కారుకే కాక యజమాని అలవాటుకు కూడ చెందినది. దోర్నాలనుంచి నిత్యం మార్కాపురం వెళ్లివచ్చే కుటుంబం ప్రతిరాత్రి ఛార్జి చేస్తే పెట్రోలు చాలా ఆదా అవుతుంది. చేయకపోతే, రెండు యంత్రాలకు ధర చెల్లించి ఒకదానిపైనే ఆధారపడినట్లవుతుంది.