స్వరలిపి గ్రంథములలో పాఠనిర్ణయము

కావ్యపరిష్కరణము తెలుగువారికి క్రొత్త విద్య కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ, ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో ప్రకటింపబూనినపుడు, పూర్వపు అచ్చుప్రతి అసమగ్రమని గ్రహించి, వ్రాతప్రతిని సంపాదించి, లోపించిన భాగములను చేర్చినది. ఈ నగరము పేరును తన పేరులో నిలుపుకొన్న ఆ విదుషీమణి వృత్తిచే గాయని. అయినను కావ్యపాఠమున కామె చూపిన జాగరూకత తెలుగు పాటల స్వరలిపి గ్రంథములలో నేటికిని అరుదుగనే కానవచ్చుచున్నది. ఈ లోపమెట్టిదో తెలియుటకు పాశ్చాత్యుల పియానో రచనల ముద్రణచరిత్ర మొక మంచి ఒరగల్లు.

పందొమ్మిదవ శతాబ్దపు కాల్పనికయుగమున ఐరోపాలో పియానోకై చిన్నచిన్న రచనలు విరివిగా వెలసినవి. వానిలో షోపాన్ (1810–1849) నాక్టర్నులు, మజుర్కాలు సుప్రసిద్ధములు. రచన చిన్నదగుటచే ఒక్క స్వరము మారినను దాని రూపమే మారినట్లు తోచును. షోపాన్ తన రచనలను పెక్కింటిని పారిసు, లైప్‌జిగ్, లండను నగరములందలి వేర్వేరు ప్రకాశకులచే అచ్చొత్తించెను. ఆ ముద్రణలలో పరస్పరభేదములు కలవు. అచ్చయిన పిదపను ఆయన శిష్యుల ప్రతులలో పెన్సిలుతో మార్పులు వ్రాయుచుండెను. తొమ్మిదవ ఓపస్‌లోని రెండవ నాక్టర్నునకు ఇట్లు వ్రాసిన అలంకారభేదములు అనేకములు లభించినవి. అవి మన గాయకుల సంగతుల వంటివి.

తరువాతి పరిష్కర్తలు పలువురు తమ వాద్యానుభవము ననుసరించి వ్రేళ్ల గుర్తులను, స్వరములను కలుపు గీతలను, నాదము హెచ్చుతగ్గుల సూచనలను చేర్చిరి. ఏది కర్తదో, ఏది పరిష్కర్తదో చదువరికి తెలియదాయెను. ఈ కలగాపులగమును తొలగించుటకే మూలపాఠ ముద్రణలు పుట్టినవి. 1948లో మ్యూనిక్ నగరమున స్థాపితమైన హెన్లే సంస్థ ఈ కృషిలో పేరొందినది. అయితే మూలపాఠమను పేరులోనే ఒక ప్రమాదమున్నది: కర్త ఉద్దేశించినది ఒకే పాఠమను భ్రమ నది కల్పించును. యాన్ ఎకియెర్ సంపాదకత్వమున 1967 మొదలు 2010 వరకు వెలువడిన పోలెండు జాతీయ ముద్రణము ఈ విషయమున మేలైనది. ప్రధానపాఠమునకు పైభాగమున కర్త ఇచ్చిన భేదములను చూపి, వాదకునకు ఎన్నుకొను స్వేచ్ఛ నిచ్చుచున్నది.

ఈ చిన్న రచనల విద్య కన్నడసీమకు దూరమైనది కాదు. మైసూరు ప్రభువు జయచామరాజ ఒడెయరు (1919–1974) పాశ్చాత్యసంగీతమున కృతపరిశ్రముడు. సంస్కృతమున కృతులు రచించిన వాగ్గేయకారుడు. రష్యా దేశీయుడగు నికొలాయ్ మెట్నర్ (1880–1951) పియానో రచనలను లండనులో రికార్డు చేయించుటకు ఆయన 1940వ దశకము చివర ద్రవ్యసహాయ మొనర్చెను. 'స్కాజ్కి' యను కథాత్మకమైన చిన్న రచనలు కొన్ని ఇట్లు కర్త వాదనములోనే నిలిచినవి. అచ్చుప్రతి చెప్పజాలని నడకను, ఊనికను ఆ రికార్డు చెప్పుచున్నది. కావున ధ్వనిముద్రికయు పరిష్కర్తకు ఒక ఆధారప్రతియే.

తెలుగు పాటల విషయము మరింత క్లిష్టము. చిన్నస్వామి మొదలియారు 1893లోనే వీనిని పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటించెను. సుబ్బరామ దీక్షితుల సంగీతసంప్రదాయప్రదర్శిని 1904లో ఎట్టయాపురమున తెలుగులిపిలో వెలువడెను. గమకముల కది ఏర్పరచిన గుర్తుల సూక్ష్మత నేటికిని ఆశ్చర్యకరము. అయినను ప్రదర్శిని ప్రధానముగా దీక్షితుల వంశసంప్రదాయమునకు సాక్షి. దానిని సర్వసంప్రదాయములకు తుదితీర్పుగా గొనరాదు. షోపాన్ స్వదస్తూరి ప్రతులు పెక్కు నిలిచినవి. త్యాగరాజస్వామి (1767–1847) కృతులు వాలాజాపేట, ఉమయాళ్‌పురము, తిల్లస్థానము శిష్యపరంపరల ద్వారమున భిన్నరూపములతో వచ్చినవి. అట్టి చోట ఏకైక మూలస్వరపాఠమును సాధించితిమనుట సాహసము.

ఇచట ఒక మాట గమనింపదగినది. 'పాఠాంతరము' అనగా కావ్యపరిష్కర్తకు భిన్నపాఠము. గాయకునకు గురువువలన వచ్చిన పాఠము. ఒకరికి సందేహస్థానమైనది మరియొకరికి ప్రమాణము. మంచి స్వరలిపి గ్రంథము ఈ రెండర్థములను కలిపి పాటింపవలెను. గురుపాఠమును గౌరవించి ముద్రింపవలెను. అది ఎవరి పాఠమో చెప్పవలెను. ఇతర పాఠములతో దానికిగల భేదమును చూపవలెను. పరిష్కర్త చేర్చిన గమకచిహ్నములు వేరుగా గుర్తింపబడవలెను.

జావళులకు ఈ శ్రద్ధ మరింత అవసరము. ధర్మపురి సుబ్బరాయరు, మైసూరునకు చెందిన పట్టాభిరామయ్య రచించిన జావళులు మిక్కిలి చిన్నవి. వాని ప్రాణము మాట విరుపులో నున్నది. మద్రాసు సంగీత విద్వత్సభ 1960లో టి. బృంద స్వరపరచిన జావళులను ప్రకటించి మహోపకార మొనర్చినది. ఒక విదుషి కంఠమందలి పాఠ మది యని స్పష్టముగ తెలియుటయే ఆ గ్రంథమునకు బలము.

బెంగుళూరులో తెలుగు కృతులను కన్నడలిపిలో చదివి నేర్చువారు పలువురు. రెండు లిపులును సన్నిహితములగుటచే అక్షరములు సుకరముగ దాటును, అర్థము దాటదు. తాళాంగముల క్రింద సాహిత్యమును ముక్కలుచేసి అచ్చొత్తినపుడు, తెలుగెరుగని విద్యార్థి ఆ విరుపునే పదాంతముగ భావించును. కావున స్వరముల క్రింద నున్న సాహిత్యము చాలదు. పదవిభాగముతో కూడిన పూర్ణపాఠమును, తాత్పర్యమును వేరుగా నీయవలెను. ఇది తెలుగు తెలిసిన పరిష్కర్త మాత్రమే చేయగల పని. ఈ నగరమందలి తెలుగు సంఘములు విద్వాంసుల పాఠములను రికార్డు చేయించి, వానిని పాత అచ్చుప్రతులతో పోల్చి, ఒక్కొక్క జావళినైనను ఇట్లు ప్రకటించినచో, స్వరము నేర్చినవారికి మాటయు దక్కును. మాట పోయిన జావళి వీణపై మ్రోగవచ్చును గాని తెలుగు పాటగా నిలువజాలదు.