వికీ అనే ఫోల్డరు లేదు

తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసం తెరిచినా పైన చిరునామా ఒకే తీరులో ఉంటుంది: సైటు పేరు, స్లాష్, వికీ, స్లాష్, ఆపైన వ్యాసం పేరు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న మా నార్సింగి కోసమైతే చివర నార్సింగి అని తెలుగులోనే కొట్టొచ్చు. ప్రశ్నార్థకాలూ నంబర్లూ ఉండవు. చూస్తే, వికీ అనే ఫోల్డరులో నార్సింగి అనే ఫైలు ఉందనిపిస్తుంది. రెండూ లేవు.

ఉన్నది ‘డబ్ల్యూ’ అనే ఫోల్డరు, అందులో ఒక పీహెచ్‌పీ ప్రోగ్రాము. వికీ దారిన వచ్చిన ప్రతి అభ్యర్థననూ వెబ్ సర్వర్ దానికే అప్పగిస్తుంది. అపాచీ అనే సర్వర్‌లో ఇలాంటి మళ్ళింపుల కోసం 1996లో రాల్ఫ్ ఎంగెల్‌షల్ మాడ్-రీరైట్ రాశాడు. ఎంజిన్‌ఎక్స్ అనే మరో సర్వర్‌లో అయితే ‘ట్రై ఫైల్స్’ అని ఒక్క వరుస: అడిగిన ఫైలుంటే ఇవ్వు, లేకపోతే ప్రోగ్రాముకు పంపు.

నాకు ముచ్చటేసేది దారులను విడదీసిన తీరు. చదివే పేజీలు వికీ వైపు. దిద్దుబాట్లు, పాత కూర్పులు డబ్ల్యూ వైపు. దాంతో సెర్చ్ ఇంజిన్ల రోబోలకు డబ్ల్యూ వైపు రావద్దని ఒక్క వరుస రాస్తే, పాత కూర్పుల గుట్టల జోలికి పోకుండా వ్యాసాలే చదువుకుంటాయి. నిజం ఫోల్డరుకూ ఊహా ఫోల్డరుకూ ఒకే పేరు పెట్టొద్దని, వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ హెచ్చరిస్తుంది. తొందరలో ఉన్నవాళ్ళు సరిగ్గా అదే చేస్తారు.

నంబరు లేని చిరునామాతో ఒక చిక్కుంది. మెదక్ జిల్లాలోనూ ఒక నార్సింగి ఉంది! అందుకే అయోమయ నివృత్తి పేజీలు. వ్యాసాన్ని కొత్త పేరుకు తరలిస్తే పాత పేరు మామూలుగా దారిమార్పుగా మిగులుతుంది, పాత లింకు చావదు.

అసలు పనితనం తెలుగు లిపి దగ్గర బయటపడుతుంది. నార్సింగి కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో గుణింతాలు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కకొచ్చి తొమ్మిది గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 27. లింకును కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే చాలాసార్లు ఒక్కో బైటూ ఒక శాతం గుర్తు, మరో రెండు గుర్తులుగా విచ్చుకుంటుంది. అప్పుడు ఊరి పేరు పొడుగు 81.

సైట్లూ బ్లాగులూ నడిపే వర్డ్‌ప్రెస్ దాచేది ఈ విచ్చుకున్న రూపాన్నే, అదీ 200కు మించకుండా. తెలుగుకు దక్కేది 22 గుర్తులు. ‘నార్సింగి రోడ్ల మీద కొత్త లైట్లు’ అని శీర్షిక పెడితే చిరునామా ‘నార్సింగి-రోడ్ల-మీద-కొత్’ దగ్గర తెగుతుంది. పొల్లు మీద ఆగిపోయిన మాట! ఇందుకే కాబోలు, చాలా తెలుగు సైట్లు చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుంటాయి. మీడియావికీ మాత్రం శాతం గుర్తులను విప్పేసి అసలు బైట్లనే దాస్తుంది. హద్దు 255 బైట్లు, అంటే 85 తెలుగు గుర్తులు. పై శీర్షికకు 88 బైట్లు చాలు.

నార్సింగి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఈ పని తెలిసిన ఇంజనీర్లకు కొదవలేదు. తెలుగు సైటు కట్టేటప్పుడు ఒత్తులూ గుణింతాలూ నిండిన పొడుగాటి శీర్షిక ఒకటి ఇచ్చి, చిరునామా ఎక్కడ తెగుతుందో ముందే చూసుకోండి.