లేయా కొడుకుల పేర్లు

ఆదికాండం 29వ అధ్యాయం చివర, 30వ అధ్యాయంలో చాలా దూరం వరకూ యాకోబు పిల్లల పేర్లు వరసగా వస్తాయి. వంశావళి కదా అని చాలామంది గబగబా దాటేస్తారు. హీబ్రూ బైబిల్లో ఇంత పొదుపుగా, ఇంత నేర్పుగా మలిచిన కథాభాగాలు అరుదని నా అభిప్రాయం. ఒకే భర్తను పంచుకున్న అక్కచెల్లెళ్ల గోడంతా ఆ రచయిత పిల్లల పేర్లలోనే చెప్పేశాడు.

హీబ్రూ మాటలు ఎక్కువగా మూడు హల్లుల ధాతువుల నుంచి పుడతాయి. అందుకే పేరు పలకగానే దానికి దగ్గరి ధాతువు చెవిలో మోగుతుంది. ఈ భాగంలో వచ్చే అర్థాలు చాలావరకు అలా ధ్వనిని పట్టుకుని అల్లినవే. వాటిని నిఘంటువు వ్యుత్పత్తులుగా తూచకూడదు.

మామ లాబాను మోసం చేసి పెద్దకూతురు లేయాను యాకోబుకు కట్టబెట్టాడు. అతని మనసంతా చిన్నది రాహేలు మీదే. లేయాకు తొలిచూలు కొడుకు పుట్టాడు, రూబేను. ఆ పేరును విడదీస్తే 'చూడండి, కొడుకు!' అని వస్తుంది. లేయా మాత్రం వేరే కారణం చెబుతుంది: దేవుడు నా బాధ చూశాడు, ఇక నా భర్త నన్ను ప్రేమిస్తాడు అని. హీబ్రూలో 'రాఆ' అంటే చూశాడు, 'బెఒన్యీ' అంటే నా బాధను. ఆ రెండు మాటల్లోని ర, బ, న ధ్వనులే పిల్లవాడి పేరులోనూ ఉన్నాయి. పైకి సంబరంగా వినిపించే పేరులో తల్లి దుఃఖం ఇమిడిపోయింది.

రెండోవాడు షిమ్యోను, 'విన్నాడు' అనే ధాతువు. మూడోవాడు లేవి, 'కలిసి ఉండటం'. మొదట ప్రేమ కోరిన మనిషి ఇప్పుడు భర్త తనతో కలిసి ఉంటే చాలంటోంది. నాలుగోవాడు యూదా దగ్గర భర్త ఊసే లేదు, దేవుణ్ణి స్తుతిస్తానంటుంది, అంతే. హీబ్రూలో ఆ పేరుకు అయిదు అక్షరాలు: యోద్, హే, వావ్, దాలెత్, హే. దాలెత్ తీసేస్తే మిగిలేవి దేవుడి పేరు రాసే నాలుగు అక్షరాలే! యూదులు అన్న జాతి పేరు వచ్చింది కూడా ఇక్కడి నుంచే. ఆరో కొడుకు జెబూలూను పుట్టినప్పుడు లేయాలో భర్త మీద ఆశ మళ్లీ తలెత్తుతుంది.

రాహేలు తన దాసి ద్వారా పొందిన కొడుకు దాను పేరుకు కారణం చెప్పిన రచయిత, అదే ధాతువున్న లేయా కూతురు దీనా పేరుకు మాత్రం ఏమీ చెప్పలేదు. నాకది లోటుగానే తోస్తుంది.

ఎన్నో ఏళ్లకు రాహేలు కడుపు పండింది. యోసేపు అన్న ఒక్క పేరు మీద రెండు క్రియలు పలికిస్తాడు రచయిత. 'ఆసఫ్', నా నింద తీసేశాడు. 'యోసేఫ్', ఇంకో కొడుకును చేర్చాలి. తీసివేత, కూడిక ఒకే పేరులో. ఆ కోరిక తీరింది, ఆమె ప్రాణం తీసింది. ఎఫ్రాతా దారిలో ప్రసవిస్తూ చనిపోయే ముందు ఆమె బిడ్డకు బెనోని అని పేరు పెట్టింది, 'నా దుఃఖపు కొడుకు' అని. తండ్రి దాన్ని బెన్యామీను, అంటే 'కుడిచేతి కొడుకు' అని మార్చాడు. కొడుకు అనే 'బెన్' అలాగే ఉంచి, దుఃఖాన్ని మాత్రం తొలగించాడు.

మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో రాహేలులు, యోసేపులు, బెన్యామీనులు ఎందరో ఉన్నారు. ఈ రెండు అధ్యాయాలూ, ఆపైన 35వ అధ్యాయమూ ఒకసారి పైకి చదవండి. ప్రతి పేరు దగ్గరా కాసేపు ఆగండి.