పరువు ఎవరిది? - ‘మర్డర్’ సినిమా, కోర్టులు, మనం

మన భాషలో ‘పరువు’ అనే మాట రెండు దారుల్లో కోర్టు మెట్లెక్కుతుంది. ఒకటి పరువు హత్య, రెండోది పరువు నష్టం. మొదటిదాంట్లో పరువు చంపినవాడిది. రెండోదాంట్లో, పోయిందని మొర పెట్టుకున్నవాడిది. మిర్యాలగూడ ప్రణయ్ విషయంలో ఈ రెండూ ఒకే ఇంటి గడప తొక్కినయి.

2018 సెప్టెంబరు 14న గర్భవతి అయిన భార్య అమృతతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా ప్రణయ్‌ని నరికి చంపారు. అతను దళిత క్రైస్తవుడు, ఆమెది వైశ్య కుటుంబం. మొదటి నిందితుడు ఆమె తండ్రి మారుతీరావు. 2020 మార్చిలో ఆయన ఆత్మహత్య చేసుకున్నడు. మూడు నెలలు గడిచినయో లేదో, జూన్ 21న, ఫాదర్స్ డే చూసి మరీ, రాంగోపాల్ వర్మ ‘మర్డర్’ పోస్టరు వదిలిండు. పేరు కింద తోక: ‘కుటుంబ కథా చిత్రం’. కూతుర్ని మితిమీరి ప్రేమించిన తండ్రి కథ అని ప్రచారం. ప్రణయ్ తండ్రి నల్గొండలోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టుకు పోయిండు. అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదైంది. అమృత కూడా కోర్టుకు పోతే ఆగస్టులో విడుదల మీద స్టే వచ్చింది. నవంబరులో, అసలు పేర్లు వాడకుండా విడుదల చేసుకోవడానికి హైకోర్టు దారి ఇచ్చింది. డిసెంబరులో సినిమా వచ్చేసింది.

మా బాన్సువాడలో డిగ్రీ పిల్లలతో దీని గురించి మాట్లాడుతుంటే ఒకడు అడిగిండు: ‘అన్నా, పేర్లు మార్చిండ్రు గదా, ఇంకేంది లొల్లి?’ వెంటనే జవాబు చెప్పలేకపోయిన. మా తాత ఎంకయ్యను ఊరి పటేల్ బతికినన్నాళ్ళు ఎంకిగాడనే పిలిచిండు. పేరే సక్కగ దక్కనోళ్ళకు పేరు ప్రతిష్ఠలు పోయినయని దావా వేసే అలవాటు ఎట్ల వస్తది? వకీలు, కోర్టు ఫీజు, తారీఖు తారీఖుకు కూలి పోగొట్టుకొని బస్సెక్కుడు, ఇవన్నీ ఆ తర్వాతి మాట.

పిల్లగాడి ప్రశ్న చిన్నదేం కాదు. కోర్టు ముందు చివరికి మిగిలింది కూడా ఆ ప్రశ్నే. నా జవాబు ఇది. సమస్య పేర్లలో లేదు, ‘కుటుంబ కథ’ అన్న ఆ రెండు మాటల్లో ఉంది. ప్రణయ్‌ని చంపించింది కులం. కులాన్ని కుటుంబంగా మార్చేస్తే నేరం కాస్తా ప్రేమ అవుతుంది, చంపించినవాడు బాధితుడు అవుతడు. సినిమా ఎక్కువ భాగం తండ్రి వెంటే నడుస్తుంది. అతని దుఃఖానికి దొరికిన నిడివి చచ్చిపోయిన పిల్లగాడి బతుక్కు దొరకదు. పేరు మార్చడం వల్ల దీంట్లో ఒక్క దృశ్యం కూడా మారదు. పైగా పేరు పోవడం వాళ్ళకే లాభం: ‘ఇది కల్పితం’ అని మొదట్లో ఒక కార్డు వేస్తే సరిపోతది, చూసేవాళ్ళకు మాత్రం ఇది ఎవరి కథో విడమరచి చెప్పాల్సిన పనే లేదు.

చట్టం దగ్గరికి వస్తే, పరువు నష్టం కింద డబ్బు కోరే దావా బతికున్నవాళ్ళు వేసుకునేది. చచ్చిపోయినవాళ్ళ పరువు వాళ్ళతోనే పోతుంది. క్రిమినల్ చట్టంలో (ఐపిసి 499, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 356) చనిపోయినవాళ్ళ మీద వేసిన నింద కూడా నేరమే. కానీ దగ్గరి బంధువుల మనసు నొప్పించే ఉద్దేశం ఉందని చూపాలి. కల్పితం అన్న కార్డు వెనకాల ఉద్దేశాన్ని ఎక్కడ పట్టుకుంటం? ఇక ఆటో శంకర్ ఆత్మకథ కేసులో 1994లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఉండనే ఉంది: కోర్టు రికార్డులకెక్కిన విషయాల మీద గోప్యత హక్కు నిలవదు. సినిమావాళ్ళకు ఇది పెద్ద అండ. రికార్డు నుంచి స్వేచ్ఛ తీసుకుంటున్నరు సరే, ఆ రికార్డులో ఉన్న కులాన్ని ఎందుకు తీసుకోరు? అప్పటికి విచారణ కూడా పూర్తి కాలేదు.

అట్లని పరువు పేరుతో సినిమాలు ఆపాలనేవాళ్ళతో నేను లేను. ఆ ఆయుధం ఎవరి చేతిలో బాగా తిరుగుతదో చూసినం. ‘బాండిట్ క్వీన్’ మీద ఫూలన్ దేవి 1994లో ఢిల్లీ హైకోర్టుకు పోయింది, చివరికి డబ్బుతో రాజీ అయింది. తన శరీరం మీద జరిగిన అత్యాచారాన్ని తనను అడగకుండా తెరకెక్కించిండ్రని బతికున్న మల్లా ఆడమనిషి మొత్తుకుంటే అది బేరంతో ముగిసింది. అదే సినిమా గుజ్జర్ కులాన్ని అవమానించిందని ఒకాయన వేసిన కేసు మాత్రం సుప్రీంకోర్టు దాకా నడిచింది. 1996లో కోర్టు సినిమా పక్షాన నిలిచింది, అది మంచిదే. ‘జై భీమ్’ చూడండి. 1993లో తమిళనాడు పోలీసుల చేతుల్లో చచ్చిపోయిన రాజకన్ను కథ అది. 2021లో సినిమా రాగానే వన్నియార్ సంఘం క్షమాపణతో పాటు 5 కోట్లు కట్టాలని నోటీసు పంపింది. పోలీసు ఇంటి గోడ మీది క్యాలెండరులో వాళ్ళ కులం గుర్తు కనబడిందట. ఏ కోర్టూ చెప్పకముందే ఆ క్యాలెండరు తీసేసిండ్రు. హీరో, దర్శకుల మీద పెట్టిన కేసును 2022లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. రాజకన్ను కురవర్ అయితే సినిమా అతన్ని ఇరుళర్‌గా చూపింది. దానికి మాత్రం ఇంత గొడవ కాలేదు. కొన్ని క్షణాల క్యాలెండరుకున్న పరువు, చచ్చిపోయిన మనిషి అసలు కులానికి లేదన్న మాట.

2025 మార్చి 10న నల్గొండ కోర్టు ప్రణయ్ కేసులో ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మారుతీరావు అప్పటికే లేడు కాబట్టి ఆయన మీద తీర్పు లేదు. సినిమా చూసినవాళ్ళకు మిగిలింది మాత్రం ఆయన కన్నీళ్ళే.

అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో ఒక క్లాజు ఉంది: ఎస్సీ, ఎస్టీలు ఎంతో గౌరవించే చనిపోయిన వ్యక్తిని మాటతోగాని, రాతతోగాని, మరే రకంగానైనాగాని అగౌరవపరిస్తే నేరం. సినిమాల విషయంలో దీన్ని గట్టిగా వాడి చూడాలని నేనంటున్న. కానీ ‘ఎంతో గౌరవించే’ అన్నదాన్ని కోర్టులో ఎట్ల రుజువు చేస్తం? మిర్యాలగూడలో ప్రణయ్ విగ్రహం పెడతమంటేనే వద్దని అడ్డం తిరిగిండ్రు.