వెబ్ సిరీస్‌లో రాయలసీమ: ‘మయసభ’ పరిశీలన

కర్నూలు, కడప జిల్లాల పేరు వినగానే తెలుగు సినిమా ప్రేక్షకునికి నాటుబాంబులు, వేటకొడవళ్లు, గాల్లోకి లేచే సుమోలు గుర్తుకు వస్తాయి. ‘సమరసింహా రెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాలు ఈ ముద్రను స్థిరపరిచాయి. వాటిలో కక్ష అనేది కథానాయకుని వీరత్వాన్ని చాటే సందర్భం. ‘అరవింద సమేత’ (2018) మాత్రం హత్యల తరువాత మిగిలే స్త్రీల దుఃఖాన్ని చూపింది. అయితే సినిమాకు నిడివి తక్కువ. అందులో అధిక భాగం పోరాటాలకే సరిపోతుంది.

వెబ్ సిరీస్‌కు ఆ ఇబ్బంది లేదు. 2025 ఆగస్టులో సోనీ లివ్‌లో విడుదలైన ‘మయసభ’ (దర్శకులు: దేవ కట్టా, కిరణ్ జయ్ కుమార్) ఈ అవకాశాన్ని కొంతవరకు సద్వినియోగం చేసుకుంది. ఇందులోని రామిరెడ్డి వైద్యవిద్య చదివినవాడు. తండ్రి నుంచి సంక్రమించిన కక్షలు అతనికి కీర్తి కాదు, మోయక తప్పని బరువు. కృష్ణమనాయుడుతో అతని స్నేహం రాజకీయ పోటీగా మారే క్రమాన్ని కథ నింపాదిగా చెబుతుంది. ఇదే దీని బలం.

అయితే కథ ప్రధానంగా నాయకుల చుట్టూనే తిరుగుతుంది. వాన కోసం ఎదురుచూసే వేరుశనగ రైతు, కె.సి. కాలువ చివరి ఆయకట్టు, పనికి వలసపోయే కుటుంబం ఇందులో కేంద్రానికి రావు. కక్షలు కనిపించినంతగా కరువు కనిపించకపోతే సీమ చిత్రణ సగమే అవుతుంది.

కాబట్టి ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనడంతో విమర్శ పూర్తికాదు. రచయిత ఎవరి జీవితానికి ఎంత సమయం ఇచ్చాడో గమనించాలి. మీరు ఇటీవల చూసిన సిరీస్‌ను, అది హాస్యమైనా భయానకమైనా, ఈ కొలతతో పరిశీలించండి.